‘సెన్సస్ టౌన్’ అంటే ఏమిటి? అందులో కూలీ ఎక్కడ?

సర్కారు కాగితాలలో ఈ మధ్య తరచుగా కనబడుతున్న మాట ఒకటి వుంది: ‘సెన్సస్ టౌన్’. జనాభా లెక్కల పుస్తకాలలో, పట్టణాభివృద్ధి శాఖ సలహాలలో, మున్సిపాలిటీలను విస్తరించాలనే చర్చలలో ఈ మాట వస్తుంది. చదువుకున్నవాళ్లను అడిగితే ‘చిన్న పట్టణం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాని దీని అర్థం అంతటితో అయిపోదు. ఒక ఊరును ఏ కొలతతో పట్టణం అంటారు? ఆ కొలతలో ఎవరిని లెక్కబెడతారు, ఎవరిని వదిలేస్తారు? ఈ ప్రశ్నలు దాని వెనుక వున్నాయి. వాటి జవాబులను బట్టి రేపు మన జాబ్ కార్డు, రేషన్ బియ్యం, కౌలుకు చేసుకునే చెలక కూడా అటూ ఇటూ కావచ్చు. కనుక ఈ మాటను వ్యవసాయ కార్మికులు తామే విప్పి చూసుకోవాలి. పరాయి భాష మాట మనకెందుకని పక్కన పెడితే నష్టపోయేది మనమే.

ముందు మాటలను విడదీద్దాం. సెన్సస్ అంటే జనాభా లెక్క. ఈ మాట రోమన్ల కాలం నాటిది. ఎవరికి ఎంత ఆస్తి వుంది, ఎవరి దగ్గర ఎంత పన్ను వసూలు చేయాలి, ఎవరిని సైన్యంలోకి పిలవాలి అని తేల్చుకోవడానికి అక్కడి ఏలికలు తీసిన లెక్కకు ఆ పేరు. ఇక టౌన్. పాత ఇంగ్లీషులో ఈ మాటకు కంచె వేసిన జాగా, రైతు ఇంటి ఆవరణ అని అర్థం. మన భాషలో చెప్పాలంటే దొడ్డి. గొడ్లు కట్టేసుకునే, ధాన్యం పోసుకునే దొడ్డిలో పుట్టిన మాట కాలం గడిచేసరికి వ్యవసాయం లేని చోటుకు పేరైపోయింది.

మన దగ్గర ఊళ్లకు పేర్లు పెట్టిన తీరు వేరు. సరుకు అమ్ముడయ్యే చోటు గంజ్. వర్తకులు, పనివాళ్లు కూడిన చోటు పేట. నిజాం కాలంలో తాలూకా కచ్చేరీ వున్న ఊరు కస్బా. తెలంగాణ పల్లెల్లో ‘పట్నం పోయిండు’ అంటే హైదరాబాద్ పోయిండని. ఈ మాటలన్నీ అక్కడ ఏం జరుగుతుందో చెబుతాయి. ‘సెన్సస్ టౌన్’ అన్న మాట మాత్రం అక్కడ ఏం జరగడం లేదో చెబుతుంది. ఎట్లాగో చూద్దాం.

జనాభా లెక్కల శాఖ దృష్టిలో పట్టణాలు రెండు రకాలు. మున్సిపాలిటీ, కార్పొరేషన్, కంటోన్మెంటు వంటివి చట్టం ప్రకారం ఏర్పడిన పట్టణాలు. వీటిని ‘స్టాట్యూటరీ టౌన్’ అంటారు. రెండో రకం సెన్సస్ టౌన్. అక్కడ మున్సిపాలిటీ వుండదు, గ్రామ పంచాయతీయే వుంటుంది. అయినా మూడు కొలతలకు సరిపోతే లెక్కల పుస్తకంలో దానిని పట్టణం కింద రాస్తారు. జనాభా కనీసం 5,000 వుండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది వుండాలి. ‘ముఖ్య పనివాళ్లయిన మగవారిలో’ కనీసం 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో వుండాలి. ఈ కొలతలు 1961 జనాభా లెక్కలలో మొదలై, కొద్దిపాటి మార్పులతో ఇప్పటిదాకా నడుస్తున్నాయి.

2001లో దేశంలో ఇటువంటి సెన్సస్ టౌన్లు 1,362 వుండగా, 2011 నాటికి 3,894 అయ్యాయి. అదే 2011లో చట్టం ప్రకారం ఏర్పడిన పట్టణాలు 4,041. అంటే మున్సిపాలిటీలు ఎన్నో, పంచాయతీ పాలనలో వుంటూనే కాగితం మీద పట్టణాలైన ఊళ్లు దాదాపు అన్ని వున్నాయి. ఒక్క పదేళ్లలో 2,500కు పైగా ఊళ్లకు ఈ ముద్ర పడింది. అందులో ఎన్ని ఊళ్ల కూలీలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారు?

మూడో కొలతను మళ్లీ చదవాలి. ‘ముఖ్య పనివాళ్లయిన మగవారిలో.’ చిక్కంతా ఈ మాటల్లోనే వుంది.

ఈ కొలతను నిజామాబాద్ జిల్లా అంకాపూర్ వంటి ఊరికి పట్టి చూడండి. ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారి మీద వున్న ఈ ఊరి పేరు తెలియనివారు తక్కువ. పసుపు, ఎర్రజొన్న, మక్క, సజ్జ పండించే ఊరు. విత్తనాలు శుద్ధి చేసి మూటలు కట్టి ఉత్తరాది రాష్ట్రాలకు పంపే ఊరు. రోడ్డు పక్కన పచ్చి మక్క కంకులు అమ్ముడవుతాయి. నాటుకోడి కూర కోసం హైదరాబాద్ నుంచి కూడా కార్లు వచ్చి ఆగుతాయి. పక్కా మేడలు, విత్తనాల గోదాములు, దుకాణాలు, లారీలు చూసి దారిన పోయేవారు ‘ఇది పల్లెటూరా?’ అని ఆశ్చర్యపోతారు. పత్రికలు దీనిని ఆదర్శ గ్రామమని రాశాయి.

అయితే ఆ గోదాముల్లోకి విత్తనం ఎక్కడి నుంచి వచ్చింది? చేనులో నుంచి వచ్చింది. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో కొమ్ము నాటాలి, ఎన్నో సార్లు కలుపు తీయాలి, చలికాలం చివర తవ్వాలి, మండ కొమ్ము వేరు చేయాలి, ఉడకబెట్టాలి, కళ్లంలో ఆరబోయాలి. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. ఉడకబెట్టడానికి బాయిలర్లు వచ్చాయి. కాని కలుపు తీసేది, తవ్విన దుంపలను ఏరేది, విడగొట్టేది ఇవాళ కూడా ఎక్కువగా ఆడకూలీలే. ఈ ప్రాంతంలో దానిని ‘కైకిలి’ అంటారు. పసుపైనా మక్కయినా కైకిలి లేనిదే ఇంటికి చేరదు.

మగవారి సంగతి వేరు. ఎందరో ట్రాక్టరు, ఆటో నడుపుతారు. గంజులో హమాలీ చేస్తారు. మేస్త్రీ పనికి, విత్తనాల ప్లాంటు పనికి పోతారు. దుబాయి, మస్కట్, సౌదీ పోయినవారు ఈ ప్రాంతంలో ప్రతి వాడలో వున్నారు. దేశం వదిలి పోయినవారు ఊరి లెక్కలో వుండరు. వున్న మగవారిలో హమాలీ, డ్రైవరు, మేస్త్రీ, దుకాణదారు అంతా వ్యవసాయం కాని లెక్కలో పడతారు. మగవాడు చేను వదిలిన కొద్దీ చేనులో ఆడమనిషి భారం పెరుగుతుంది. కొలత మాత్రం మగవాడితో పాటే రోడ్డెక్కుతుంది, ఆడమనిషి వైపు తిరిగి చూడదు.

ఒక లెక్క అనుకుందాం. ఇది ఏ ఊరి లెక్కా కాదు, కొలత ఎట్లా పని చేస్తుందో తెలియడానికి మాత్రమే. ఒక ఊరిలో ముఖ్య పనివాళ్లు మగవారు 1,000 మంది, ఆడవారు 900 మంది. మగవారిలో 760 మంది బయటి పనుల్లో, 240 మంది వ్యవసాయంలో వున్నారు. ఆడవారిలో 850 మంది వ్యవసాయంలో, 50 మంది బయటి పనుల్లో వున్నారు. సర్కారు కొలత ప్రకారం మగవారిలో 76 శాతం వ్యవసాయం కాని పనిలో వున్నారు గనుక ఈ కొలతలో ఊరు పట్టణంగా నెగ్గింది. మరి అందరినీ లెక్క వేస్తే? మొత్తం 1,900 మందిలో వ్యవసాయం చేసేవారు 1,090 మంది. నూటికి 57 మంది మట్టి పిసుకుతున్న ఊరు కాగితం మీద టౌన్ అయింది!

అంతటితో ఆగలేదు. ‘ముఖ్య పనివాళ్లు’ అంటే ఏడాదిలో ఆరు నెలలు గాని అంతకు మించి గాని పని దొరికినవారు. ఆరు నెలల లోపు పని దొరికినవారిని ‘మార్జినల్’ అని వేరే ఖాతాలో వేస్తారు. మార్జిన్ అంటే నోటుబుక్కు కాగితానికి పక్కన గీత గీసి వదిలేసే జాగా. అక్కడ పెట్టారు మనలను. ఏడాది పొడవునా పని చూపించని పాలకుల తప్పుకు కూలీ లెక్కలో నుంచి జారిపోయే శిక్ష పడింది. మనం అనుకున్న ఊరిలోనే అయిదు నెలలు పని దొరికిన కూలీలు మరో 300 మంది వున్నారనుకుంటే, 2,200 మందిలో 1,390 మంది వ్యవసాయం మీద బతికేవారు. నూటికి 63 మంది! కొలతకు మాత్రం వీరూ కనబడరు.

ఇప్పుడు అర్థమవుతున్నది గదా. భూమి లేనివారు, ఆడవారు, ఏడాదంతా పని దొరకనివారు - సరిగ్గా వ్యవసాయ కార్మికులలో అధిక భాగం - ఊరు పల్లెనా పట్టణమా అని తేల్చే కొలతలో లేనే లేరు. ‘పొద్దున ఏడు గొట్టంగ చేన్ల దిగుతం, మమ్ముల పట్నపోళ్లంటరా?’ అని ఆడకూలీలు అడిగితే లెక్కల శాఖ దగ్గర చెప్పడానికి జవాబు లేదు.

పేరు ఏదైతేనేం, సెన్సస్ టౌన్లో పంచాయతీ పంచాయతీగానే వుంటుంది గదా అని కొందరంటారు. నిజమే. ఆ ముద్ర పడినంత మాత్రాన ఉపాధి పని ఆగదు. కాని ముద్ర పడిన ఊరు మున్సిపాలిటీ గుమ్మం దాకా వచ్చినట్టే. 2016లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 3,700కు పైగా సెన్సస్ టౌన్లను మున్సిపాలిటీలుగా మార్చమని రాష్ట్రాలకు చెప్పింది. ఊళ్లను కలుపుకోవాలంటే ఈ ముద్ర లేకున్నా ఆగరు. వుంటే వారి చేతికి ఒక వాదన దొరుకుతుంది. అప్పుడు చట్టం రంగంలోకి వస్తుంది.

చట్టం మాట ఏమిటో చూడండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, 2013 నాటి ఆహార భద్రత చట్టంలో ‘గ్రామీణ ప్రాంతం’ అంటే అర్థం ఒకే విధంగా వుంది: పట్టణ స్థానిక సంస్థ గాని కంటోన్మెంటు బోర్డు గాని లేని ప్రాంతం. ఊళ్లో పొలాలున్నాయా, కూలీలున్నారా అని చట్టం అడగలేదు. మున్సిపాలిటీ కాకుండా మిగిలినదే గ్రామం. లెక్కల శాఖకు టౌన్ అంటే మగవాడి వ్యవసాయం లేని చోటు. చట్టానికి గ్రామం అంటే మున్సిపాలిటీ లేని చోటు. ఈ రెంటిలో ఎక్కడా ‘ఇక్కడ కూలీ ఏం పని చేసి బతుకుతున్నది?’ అన్న ప్రశ్న లేదు.

ఫలితం మన కళ్ల ముందే వుంది. 2018లో రాష్ట్రమంతటా మున్సిపాలిటీలను పెంచినప్పుడు పెర్కిట్, మామిడిపల్లి ఊళ్లు ఆర్మూర్ మున్సిపాలిటీలో కలిశాయి. భీమ్‌గల్ కొత్త మున్సిపాలిటీ అయింది. పొలాలు ఎక్కడున్నవి అక్కడే వున్నాయి, కైకిలికి పోయేవారూ వారే. కాని చట్టం ప్రకారం ఆ ఊళ్లకు ఉపాధి హామీ వర్తించదు. నిన్నటిదాకా వున్న వంద రోజుల హక్కు బోర్డు మార్చగానే పోయింది. ఆ హక్కు పోతే పోయేది ఉపాధి కూలి ఒక్కటే కాదు. ‘ఈ కూలికి రాను, ఉపాధి పనికి పోత’ అని ఆసామితో బేరమాడే బలం కూడా పోతుంది.

2005 చట్టాన్ని తీసేసి 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అందులో 125 రోజులని రాశారు గాని, వ్యవసాయ పనులు ముమ్మరంగా సాగే కాలంలో మొత్తం 60 రోజుల దాకా పని ఆపే వీలు పెట్టారు. ఖర్చులో 40 శాతం మన వంటి రాష్ట్రాల నెత్తిన వేశారు. ఆ చట్టం మంచిచెడ్డల మీద పోరాటం వేరే వుంది. ఇక్కడ గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే - అదీ గ్రామీణ కుటుంబాలకే. పట్టణ వ్యవసాయ కూలీ అన్న మనిషి దానికీ తెలియదు.

రేషన్ సంగతీ చూడాలి. ఆహార భద్రత చట్టం దేశం మొత్తం మీద గ్రామీణ జనాభాలో 75 శాతం దాకా, పట్టణ జనాభాలో 50 శాతం దాకా అని పరిమితి పెట్టింది. అంటే వెయ్యి మందిని గ్రామం ఖాతాలో నుంచి పట్టణం ఖాతాలోకి మారిస్తే 750 మంది జాగాలో 500 మందికే చోటు. రాష్ట్రాల వాటాలు వేరువేరుగా వుంటాయి, కార్డులు రాత్రికి రాత్రే పోవు. కాని రేపు కొత్త లెక్కలను బట్టి వాటాలు తిరగరాస్తే ఈ తేడా ఎవరి కంచంలో పడుతుందో చెప్పనవసరం లేదు.

ఇక భూమి. పట్టణం పెరిగితే మాస్టర్ ప్లాన్ వస్తుంది. పక్కనున్న కామారెడ్డిలో 2023 జనవరిలో ఏం జరిగిందో అందరం చూశాం. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంట భూములు పరిశ్రమల జోన్‌లో, కొత్త రోడ్ల కింద పడ్డాయని చుట్టుపట్ల ఊళ్ల రైతులు కుటుంబాలతో కదిలారు, కలెక్టరేట్ ముందు బైఠాయించారు. చివరకు జనవరి 20న మున్సిపల్ కౌన్సిలు ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. రైతాంగం కలిసి నిలబడితే గీసిన గీతలు కూడా చెరిగిపోతాయని అది రుజువు చేసింది. కాని ఆ గీతల కింద పడేది పట్టా వున్న రైతు ఒక్కడే కాదు. అదే భూమిలో కౌలు చేసేవాడు, కూలికి పోయేవాడు ఏ మ్యాప్‌లోనూ కనబడరు. భూమికి ప్లాటు ధర వస్తే పట్టాదారుకు ఏదో ఒకటి ముడుతుంది. కైకిలి పోయిన మనిషికి ఏ పరిహారమూ లేదు.

అయితే పల్లె పల్లెగా వుంటే చాలు, కూలీకి అంతా బాగే అని మేము అనడం లేదు. పంచాయతీల్లో పెత్తనం ఎవరిదో మనకు తెలియనిది కాదు. ఈ ఆర్మూర్ ప్రాంతంలోనే గ్రామాభివృద్ధి కమిటీల పేరిట పేదలకు, దళితులకు సాంఘిక బహిష్కరణ విధించిన ఉదంతాలు ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. మన వాడలకూ మురుగు కాల్వలు కావాలి, నల్లా కావాలి, వీధి దీపాలు కావాలి. అవి మున్సిపాలిటీ ఇస్తే వద్దనేవారెవరు? కాని కాల్వ కావాలంటే కూలి హక్కు వదులుకో అని బేరం పెట్టడమే అన్యాయం. ఇంటి పన్ను పెరిగి, ఉపాధి పోయి, చేసే పని మాత్రం పాతదే అయితే దానిని అభివృద్ధి అని ఎట్లా అంటాం?

వేరే దారి లేదనేవారు ఇతర రాష్ట్రాల వైపు చూడాలి. కేరళ 2010-11లోనే పట్టణ పేదలకు ఉపాధి హామీ పథకం పెట్టింది. తిరువాన్కూరులో పొలం కూలీలను కూడగట్టి సమ్మె నడిపిన అయ్యంకాళి పేరు దానికి పెట్టింది. రాజస్థాన్‌లో 2022లో పట్టణాలలో వంద రోజుల పని పథకం మొదలైంది. లోపాలు ఎన్ని వున్నా, పట్టణంలో కూడా పని అడిగే హక్కు పెట్టవచ్చునని ఇవి చూపించాయి. తెలంగాణలో మున్సిపాలిటీల్లో కలిసిన ఊళ్ల కూలీలకు ఆ మాత్రం ఎందుకు చేయరాదు?

కొత్త జనాభా లెక్కలలో మనుషుల లెక్కకు కేంద్రం 2027 ఫిబ్రవరిని ప్రకటించింది. టౌన్ అని తేల్చే కొలతలు మాత్రం పాతవే వుంచారు. కనుక మన సంఘాలు ఇప్పటి నుంచే మూడు పనులు పెట్టుకోవాలి.

మొదటిది, లెక్క దగ్గర నోరు తెరవడం. ‘మీ ఆమె ఏం చేస్తుంది?’ అని అడిగితే ‘ఇంట్లనే వుంటది’ అని మగవాళ్లు చెప్పే అలవాటు మానాలి. నాటు, కలుపు, పసుపు తవ్వకం, ఏరుడు, విత్తనం చెరుగుడు, ఉపాధి పని - అన్నీ పనులే. ఏడాదిలో ఎన్ని రోజులు చేశారో వాడవాడలా ముందే కూర్చుని లెక్క వేసుకోవాలి. ఆరు నెలలు దాటిన ఆడమనిషిని ముఖ్య పనివారిగానే రాయించాలి. దానితో 75 శాతం కొలత మారదు. కాని ఆ కొలత ఎంత తప్పో చూపించడానికి సర్కారు పుస్తకమే మనకు సాక్ష్యమవుతుంది.

రెండవది, కొలతనే మార్చమని అడగడం. ఆడవారినీ, ఆరు నెలల లోపు పని దొరికినవారినీ కలపకుండా ఏ ఊరినీ పట్టణమని తేల్చరాదు. ఇది ఏ ఒక్క జిల్లా కోరిక కాదు, దేశంలోని వ్యవసాయ కార్మిక సంఘాలన్నీ కలిసి అడగవలసినది.

మూడవది, విలీనం మాట వచ్చిన ప్రతి ఊరిలో కూలీలు కూడా కూర్చున్న గ్రామసభ జరగాలని, కలిసిన ఊళ్లలో ఉపాధి హక్కు, రేషన్, కౌలుదారుకు రక్షణ ముందే కాగితం మీద రాయాలని పట్టుబట్టడం. ఇప్పటికే కలిసిపోయిన పెర్కిట్, మామిడిపల్లి, భీమ్‌గల్ వంటి చోట్ల పట్టణ ఉపాధి పథకం పెట్టమని మున్సిపల్ ఆఫీసు ముందే అడగాలి.

2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపు బోర్డు కోసం ఈ నిజామాబాద్ రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. 2025 జనవరిలో బోర్డు వచ్చింది. దాని వల్ల పసుపుకు ఏం ధర దక్కుతుందో అడగవలసింది ఇంకా వుంది. కాని పసుపు మీద బతికేవారు ఇందరున్నామని దేశం చేత లెక్కబెట్టించుకున్నది ఆ రైతులే. ఇప్పుడు ఆ పసుపును తవ్వే చేతుల వంతు వచ్చింది. ‘సెన్సస్ టౌన్’ అన్న మాట రేపు అంకాపూర్ వైపు వచ్చినా, మరో ఊరి వైపు వచ్చినా, ఆ కాగితం తెచ్చిన అధికారిని కూలీలు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘ఇందులో మమ్ముల లెక్కబెట్టిండ్రా?’